మామ్మ సీరియలూ, నాన్నగారి పార్లమెంటూ

సీరియల్ చూసేవాళ్లంటే నాన్నగారికి చిన్నచూపు, వార్తలు చూసేవాళ్లంటే మామ్మకి చిన్నచూపు, ఇద్దరికీ కలిపి ఇంట్లో ఉన్నది ఒకటే టీవీ. తొంభైల్లో పెరిగిన చాలామంది ఇళ్లలో ఈ రగడ ఉండే ఉంటుంది. మా అమలాపురం ఇంట్లో చిత్రం ఏంటంటే, కొన్నాళ్లకి ఒకరి పిచ్చి ఒకరికి అంటుకుంది. ఢిల్లీలో ఎవరికి ఎవరితో పడదో మామ్మకి నోటికొచ్చేసింది. నాన్నగారేమో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుని, అరగంటసేపు పేజీ తిప్పకుండా ఉండి, చివర్లో "ఇంతకీ వాడికి నిజం చెప్పిందా లేదా?" అని అమ్మని అడిగేవారు.

మామ్మకి సంతకం పెట్టడం తప్ప చదువు రాదు, హిందీ అసలే రాదు. 1987లో ఆదివారం పొద్దున్న రామాయణం మొదలైనప్పుడు మాకింకా టీవీ లేదు, పక్కవీధిలో డాబా ఇంటివాళ్ల వరండాలో చాప పరుచుకుని చూసేవాళ్లం. భాష అర్థం కాదు కదా అంటే "కథ తెలిసినప్పుడు భాషెందుకే" అనేది. తర్వాత మా ఇంటికీ బ్లాక్ అండ్ వైట్ టీవీ వచ్చాక హిందీ వార్తలు కూడా అదే పద్ధతిలో చూసేది. మొహాలు చూసి చెప్పేసేది, ఎవడు ఎవడి మీద కోపంగా ఉన్నాడో.

నాకు బాగా గుర్తున్న మొదటి సంగతి హర్యానా నాయకుడు దేవీలాల్‌ది. 1989 డిసెంబరు ఒకటో తారీఖు. రాష్ట్రంలో రామారావుగారు ఓడిపోయారు, కానీ కాంగ్రెస్‌కి ఎదురు నిలిచిన పార్టీల కూటమి నేషనల్ ఫ్రంట్‌కి ఛైర్మన్ ఆయనే కాబట్టి ఢిల్లీలో ఏం జరుగుతుందా అని మావాళ్లందరికీ ఆసక్తి. పార్లమెంటు సెంట్రల్ హాల్లో వి.పి.సింగ్ లేచి ప్రధాని పదవికి దేవీలాల్ పేరు చెప్పారు, చంద్రశేఖర్ బలపరిచారు. సరే, దేవీలాలే ప్రధాని అని అందరూ అనుకునేలోపే పెద్దాయన లేచి నిలబడి నాకొద్దు, సింగుగారే ఉండాలి అనేశారు. నాన్నగారు త్యాగం అన్నారు. మామ్మ మాత్రం "త్యాగం లేదు, బొంగూ లేదు, ముందే మాటాడుకున్నార్రా వీళ్లు. పాపం ఆ గడ్డపాయనకి చెప్పలేదు, మొహం చూడు" అంది. గడ్డపాయన అంటే చంద్రశేఖర్. ముందే మాట్లాడుకున్నారనీ, ఆయనకి చెప్పలేదనీ తర్వాత పేపర్లలోనూ వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఆ గడ్డపాయన వేరుపడి ప్రధాని అయ్యారు. ఆయన కూడా నాలుగు నెలలే, 1991 మార్చిలో రాజీనామా. ఆయనకి బయటి నుంచి మద్దతిస్తున్న రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా పోలీసులు నిఘా పెట్టారని గొడవ. ఇద్దరు కానిస్టేబుళ్ల మీద గవర్నమెంటు పడిపోయిందంటే మామ్మ నమ్మలేదు, "ఇంకేదో ఉందిరా, అది వీళ్లు చెప్పట్లేదు" అంది.

మామ్మ చిరాకంతా అక్కడే ఉండేది. సీరియల్ అయినా సర్కారైనా, చెప్పాల్సినవాడు చెప్పడం లేదు అని.

తొంభైల మధ్యలో దూరదర్శన్‌లో తెలుగు డైలీ సీరియళ్లు వచ్చాక, 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాక, వీధిలోకి కేబుల్ వైరు వచ్చాక, మా ఇంట్లో మధ్యాహ్నాల తీరే మారిపోయింది. గిన్నెలు తోమే మనిషి కూడా ఆ టైముకే వచ్చి గుమ్మంలో కూర్చునేది. కథ ఏదైనా తలుపు చాటు మాత్రం తప్పదు. ఒకడు తలుపు చాటున నిలబడి సగం మాట విని వెళ్లిపోతాడు. ఆ మిగతా సగం వాడికి చేరేసరికి మా ఇంట్లో రెండు సంక్రాంతులు అయిపోయేవి. ఉత్తరం రాస్తారు, అది చేరాల్సినవాడికి చేరదు. హీరోయిన్ నిజం చెబుదామని నోరు తెరుస్తుంది, ఫోన్ మోగుతుంది, ఆ ఫోన్ ఎవరిదో చూపించకుండా తరువాయి భాగం. "ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క చెబితే అయిపోయేదానికి ఎన్నాళ్లు చంపుతారే వీళ్లు" అని మామ్మ తిట్టని రోజు లేదు, మర్నాడు ఆ టైముకి టీవీ ముందు కూర్చోని రోజూ లేదు. కరెంటు పోతే ఇంకా టెన్షన్. ఇన్వర్టర్లు ఎక్కడివి అప్పుడు? కరెంటున్న వీధిలో మా పిన్ని ఉండేది, సాయంత్రం కథ తెలుసుకోడానికి మామ్మ నన్ను అక్కడికి పంపేది. నేను వెళ్లి వచ్చి చెబితే, "అంతేనా? దానికి అరగంటా?" అనేది.

అంతేనా అంటే నిజంగా అంతే. పిన్ని చెప్పిన కథ నాలుగు వాక్యాలు ఉండేది.

ఇంకో విసుగు, పాత్రలో మనిషిని మార్చేయడం. నిన్నటిదాకా ఒకాయన నాన్న వేషం వేసేవాడు, ఇవాళ వేరే ఆయన అదే చొక్కా వేసుకుని అదే కుర్చీలో కూర్చుని "అమ్మా" అంటాడు, ఇంట్లో ఎవరూ ఉలిక్కిపడరు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలోనూ అదే నడుస్తోంది. 1996 మేలో వాజ్‌పేయి గారు పదమూడు రోజులు, ఆ తర్వాత వి.పి.సింగ్ వద్దన్నారు, జ్యోతిబసుని ఆయన పార్టీయే వద్దంది, ఎక్కడో కర్ణాటక నుంచి దేవెగౌడ గారు వచ్చారు. ఆయన పేరు మామ్మ నేర్చుకునేలోపు 1997 మార్చి చివర్లో కాంగ్రెస్ అధ్యక్షుడు సీతారాం కేసరి మద్దతు తీసేశారు. ఎందుకు తీశారు? మామ్మకి నాన్నగారు చెప్పలేకపోయారు, నాకూ ఇప్పటికీ ఒప్పించే కారణం ఒక్కటీ కనపడలేదు. మళ్లీ ఆంధ్రా భవన్‌లో మీటింగులు, చంద్రబాబు గారు యునైటెడ్ ఫ్రంట్ కన్వీనర్, అక్కడే ఒక గదిలో పడుకున్న గుజ్రాల్ గారిని లేపి మీరే ప్రధాని అని చెప్పారని అప్పట్లో అందరూ చెప్పుకున్నారు.

"ఒరే అబ్బాయ్, ఆ దేవెగౌడ ఏవయ్యాడ్రా?" అని మామ్మ నాన్నగారిని అడిగింది.

"మార్చేశారమ్మా."

"మనిషినొక్కడినే మార్చారా, కథ కూడా మార్చారా?"

"కథ అదేనమ్మా, మనిషినే."

"అయితే పర్లేదు, అర్థమవుతుందిలే" అని మామ్మ వక్క నోట్లో వేసుకుంది.

అర్థమైంది కూడా. ఆ నవంబరులో రాజీవ్ గాంధీ హత్య మీద జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక బయటికొచ్చింది, డీఎంకే మంత్రుల్ని తీసేయాలని కాంగ్రెస్ పట్టుపట్టింది, గుజ్రాల్ గారు తియ్యనన్నారు, ఆ గవర్నమెంటూ పోయింది. మామ్మకి మంత్రులు పోతే పట్టదు, గవర్నమెంటు పోయినా పట్టదు. "ఆ కాయితాల్లో ఏవుందో చదివి చెప్పరేంట్రా ఎవరూ? చంపిందెవరో అది చెప్పొచ్చుగా" అని ఒకటే పట్టు. ఆవిడకి అది కూడా చేరాల్సినవాళ్లకి చేరని ఉత్తరమే.

ఇక 1999 గురించి చెప్పాలి, ఎందుకంటే అది మాకు ఢిల్లీ సంగతి కాదు, ఊరి సంగతి. ముందు ఏడాది మార్చిలో మా తెలుగుదేశం ఎంపీ బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు, మా కోనసీమ మనిషి. టీవీలో ఆయన "ఆర్డర్, ఆర్డర్" అంటుంటే గడియారస్తంభం దగ్గర టీ కొట్టులో జనం చేతులు కట్టుకుని వినేవారు, నవ్వులాటకి కాదు, నిజంగానే. మామ్మ అయితే మిగతా సభ్యుల్ని తిట్టేది, "మావాడు అన్నిసార్లు కూచోమంటుంటే వినరేంటి, పెంపకం లేదా" అని.

వాజ్‌పేయి ప్రభుత్వానికి జయలలిత గారు మద్దతు తీసేశారు. అంతకు ముందు సుబ్రమణ్యస్వామి ఒక టీ పార్టీ ఇవ్వడం, అందులో జయలలితా సోనియా గాంధీ ఒకచోట కూర్చోవడం, ఆ ఫొటో అన్ని పేపర్లలోనూ రావడం, అదంతా నాన్నగారు ముందు నుంచీ లెక్క కడుతూనే ఉన్నారు. ఏప్రిల్ 17, శనివారం, బలపరీక్ష. దూరదర్శన్ లైవ్. మా ఇంట్లో మధ్యాహ్నం సీరియల్ రద్దు. అదీ మామ్మ చెప్పి రద్దు చేయించింది. హాల్లో మేమే కాకుండా చుట్టుపక్కలవాళ్లు, బాబాయిలు, కిటికీ బయట ఇద్దరు. మాయావతి గారు ఎటు అనేది ఆఖరి నిమిషం దాకా తెలియదు. కాశ్మీర్ నుంచి సైఫుద్దీన్ సోజ్ సొంత పార్టీ చెప్పింది కాదని వ్యతిరేకంగా ఓటేశారు. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒరిస్సా ముఖ్యమంత్రి, ఇంకా ఎంపీ పదవికి రాజీనామా చెయ్యలేదు కాబట్టి వచ్చి ఆయనా వ్యతిరేకంగానే ఓటేశారు. బోర్డు మీద అంకెలు పడ్డాయి. అనుకూలం 269, వ్యతిరేకం 270.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకటే రభస. మా ఊళ్లో చర్చంతా ఒకే పాయింటు మీద నడిచింది, వారాల తరబడి. స్పీకర్‌కి మామూలుగా ఓటు ఉండదు, రెండు పక్కలా సమానం వస్తేనే వెయ్యాలి. వాజ్‌పేయికి తెలుగుదేశం మద్దతు. మరి బాలయోగి గారు స్పీకర్ కాకుండా కింద మామూలు సభ్యుడిగా కూర్చుని ఉంటే 270కి 270 అయ్యేది కదా! "ఆయ్, మనోణ్ని కుర్చీ ఎక్కించి ఓటు పోగొట్టుకున్నారండి" అని ఒకాయన. "ఆయన కుర్చీలో లేకపోతే ఇంకొకాయన ఉండేవోడు, ఆయన ఓటు పోయేది కదండీ" అని ఇంకొకాయన. గమాంగ్ గారిని ఓటు వెయ్యనివ్వడం తప్పా ఒప్పా అని మరో పేచీ. రూలు ప్రకారం ఆయన ఇంకా సభ్యుడే, స్పీకర్ ఆయన విజ్ఞతకి వదిలేశారు. నాన్నగారు ఈ మాట ఎంతమందికి చెప్పారో. కొంతమందికి కోపం తగ్గలేదు.

నాకు మాత్రం ఆ రోజు నచ్చింది ఏంటంటే, అక్కడ కథ ఆగలేదు. తరువాయి భాగం రేపు అనలేదు. ప్రశ్న అడిగారు, సమాధానం అదే హాల్లో అప్పుడే వచ్చింది. టీవీలో అలాంటి మధ్యాహ్నం మళ్లీ చూడలేదు నేను. మర్నాటి నుంచి మామూలే, 272 మంది ఉన్నారని సోనియా గారు అన్నారు, ములాయం సింగ్ రానన్నారు, సభ రద్దయింది, సెప్టెంబరు అక్టోబరుల్లో ఎన్నికలు.

2002 మార్చి 3న బాలయోగి గారు కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. అప్పటికి నాకు పెళ్లై హైదరాబాద్ వచ్చేశాను. ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది, మామ్మ ఆ రోజు టీవీలో సీరియల్ పెట్టనివ్వలేదట. తర్వాత ఎదుర్లంక నుంచి యానాం వంతెనకి ఆయన పేరు పెట్టారు. అంతకు ముందు గోదావరి దాటాలంటే పంటు ఎక్కడమే.

హైదరాబాద్‌లో మా అత్తగారింట్లో స్టార్ ప్లస్. రాత్రి పదిన్నరకి 'క్యూంకీ'. ఆవిడకి హిందీ బాగా వచ్చు, నాకూ వచ్చేలా చేసింది ఆ సీరియలే. అందులో మిహిర్ చచ్చిపోతే దేశమంతా గోల పెట్టింది, మళ్లీ బతికించారు. బతికించాక మళ్లీ మనిషిని మార్చారు, ఇంకోసారి మార్చారు. ఒక భర్త, ముగ్గురు నటులు. మామ్మకి ఫోన్‌లో చెబితే "దేవెగౌడలాగా" అంది. తులసి వేషం వేసిన స్మృతి ఇరానీ 2003లో బీజేపీలో చేరి 2004లో చాందినీ చౌక్‌లో పోటీ చేస్తే, సీరియల్లో అన్నేళ్లు ఓర్చుకున్న మనిషి ఎన్నికల్లో ఎలా ఓడిపోతుందని మా అత్తగారు నిజంగానే బాధపడ్డారు.

ఆ 2004 మే నెల అయితే ఏ రచయితా రాయలేని ఎపిసోడ్. సోనియా గాంధీ ప్రధాని అయితే గుండు చేయించుకుంటాను, నేల మీద పడుకుంటాను, శనగలు తిని బతుకుతాను అని సుష్మా స్వరాజ్ శపథం. 18న మళ్లీ అదే సెంట్రల్ హాల్, సోనియా గారు అంతరాత్మ చెప్పింది కాబట్టి పదవి వద్దన్నారు, ఎంపీలు లేచి ఏడుపులు, బతిమాలడాలు. మామ్మ ఊళ్లో చూస్తోంది, నేను ఇక్కడ చూస్తున్నాను, ఫోన్ చేశాను. "ముందే మాటాడుకున్నారా ఏంటి ఈసారి?" అన్నాను. "లేదే, ఈవిడ నిజంగానే వద్దంటోంది, మొహం చూడు" అంది. మర్నాడు మళ్లీ అడిగితే "ఏమో, ఈవిడ బాగా చేస్తుంది" అంది. మామ్మ చూసిన చివరి పెద్ద ఎపిసోడ్ అది. మరుసటి ఏడాది పోయింది. 2008 జూలైలో బలపరీక్ష రోజున ఓట్లు కొంటున్నారంటూ ఎంపీలు లోక్‌సభలో నోట్ల కట్టలు తీసి బల్ల మీద పోసినప్పుడు ఆవిడ ఉండాల్సిందని చాలా అనిపించింది.

2014 ఫిబ్రవరి 18న నేను కూకట్‌పల్లి ఫ్లాట్‌లో ఉన్నాను. ముందు వారమే సభలో పెప్పర్ స్ప్రే కొట్టారు, అందరూ దగ్గుకుంటూ బయటికి పరిగెత్తడం చూశాం. ఆ రోజు విభజన బిల్లు. ఎదురింటి వదిన వరంగల్ ఆవిడ, మేమిద్దరం మా హాల్లోనే కూర్చున్నాం, చెరో పక్కా గుండె పట్టుకుని. లోక్‌సభ టీవీ సరిగ్గా ఆ టైముకి ఆగిపోయింది. "అరె, గిప్పుడే బందయిందేంది వదినా, పాసైందా కాలేదా?" అని ఆవిడ రిమోట్ లాక్కుంది. ఏ చానల్ పెట్టినా లోపల ఏం జరుగుతోందో లేదు, స్క్రోలింగులే. ప్రసారం ఆగడానికి సాంకేతిక లోపం అన్నారు. బిల్లు మూజువాణి ఓటుతో పాసైపోయింది. ఆవిడ ఇన్నేళ్లు ఎదురుచూసిన క్షణం, నేను భయపడిన క్షణం, ఇద్దరమూ చూడలేదు. సీరియల్లో తాళి కట్టేటప్పుడు ముగ్గురి మొహాలు మూడేసి సార్లు చూపిస్తారు, ఒక రాష్ట్రం రెండవుతుంటే తెర మీద ఏమీ లేదు. వదిన సంతోషంగానే ఉంది, కానీ ఆ సంగతి మీద ఆవిడకీ నాకున్నంత కోపమూ ఉంది, ఇప్పటికీ కలిస్తే అంటుంది.

రెండు రోజుల తర్వాత రాజ్యసభలో మన్మోహన్ సింగ్ గారు ఆంధ్రకి ఐదేళ్లు ప్రత్యేక హోదా అన్నారు, వెంకయ్యనాయుడు గారు పదేళ్లు కావాలన్నారు. సీరియళ్లలో ఒక రోగం ఉంటుంది చూడండి, పెద్ద హడావిడిగా ఒక తోబుట్టువుని దుబాయ్ నుంచి దింపుతారు, కొన్నాళ్లయ్యాక ఆ పిల్ల ఏమైందో ఎవరూ మాట్లాడరు. హోదా అలాగే అయింది. 2016లో హోదా బదులు ప్యాకేజీ అన్నారు, 2018 మార్చిలో దాని మీదే తెలుగుదేశం ఎన్డీయే నుంచి బయటికొచ్చింది, ఆ జూలైలో అవిశ్వాసం పెట్టింది. ఆ చర్చలో దేశానికి గుర్తున్నది హోదా కాదు, రాహుల్ గాంధీ వెళ్లి మోదీ గారిని కౌగిలించుకోవడం, వచ్చి కూర్చుని కన్ను కొట్టడం. 325కి 126తో తీర్మానం పోయింది. 2024లో తెలుగుదేశం మళ్లీ ఎన్డీయేలోకి వచ్చింది, పదహారు సీట్లతో కేంద్రం నిలబడడానికి కావాల్సిన పార్టీ అయింది. దుబాయ్ పిల్ల మాత్రం రాలేదు. అడిగితే కథ చాలా ముందుకెళ్లిపోయింది అంటారు.

ఇందులో ఏ పార్టీనీ వేరు చేసి తిట్టడం నా ఉద్దేశం కాదు. తిట్టాలంటే నలుగురికీ సరిపడా ఉన్నాయి. కథ ఎందుకు సాగదీస్తారో సీరియల్ సంగతిలో అయితే తెలుసు. గురువారం రేటింగులు వస్తాయి, బాగుంటే ముగించనివ్వరు, పడిపోతే మధ్యాహ్నానికి తోసేస్తారు, ఎపిసోడ్‌కింత అని లెక్క. అది వాళ్ల వ్యాపారం, దాపరికం లేదు. రాజకీయాల్లో సాగదీత ఎవరికి గిట్టుబాటు అవుతుందో ప్రతిసారీ కొత్తగా కనిపెట్టాల్సి వస్తుంది. పైగా ఇప్పుడు సభ కన్నా సభ గురించి స్టూడియోలో నలుగురు అరుచుకోవడమే ఎక్కువ. బాలయోగి గారు కూర్చోండి అంటే వినని ఎంపీలే నయం, కనీసం వాళ్ల వెనక ఓటర్లుండేవారు.

అమ్మకి మాత్రం మామ్మ పూనింది. 2017 నుంచి 'కార్తీక దీపం' మొదలయ్యాక మా అమ్మతో రాత్రి ఏడున్నరకి ఫోన్ మాట్లాడడం కుదిరేది కాదు. భార్య మీద అనుమానం, పిల్లలు తనవాళ్లు కాదని అనుమానం, పోనీ ఆ మనిషి ఏ తాపీ మేస్త్రీయో అయితే సరే, డాక్టరు! "ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయించుకోరా నాయనా" అని రాష్ట్రం మొత్తం మొత్తుకుంది, మీమ్స్ వేసింది, చేయించుకోకుండానే ఏళ్లు నడిపారు. 2023 జనవరిలో అయిపోయింది. ఏడాది దాటి ఇంకో రెండు నెలలకి రెండో భాగం మొదలైంది. లాక్‌డౌన్‌లో షూటింగులు ఆగిపోయి దూరదర్శన్‌లో మళ్లీ రామాయణం వేస్తే అమ్మా నాన్నగారూ ఇద్దరూ కలిసి చూశారు, గొడవ లేకుండా. అందులో రాముడు వేసిన అరుణ్ గోవిల్ 2024లో మీరట్ ఎంపీ అయ్యారు. సీత వేసినావిడా, రావణుడు వేసినాయనా 1991లోనే అయ్యారు. లంక ముందు గెలిచింది, అయోధ్యకి ముప్ఫై మూడేళ్లు పట్టింది అని నాన్నగారి జోకు.

నిరుడు జూలైలో, అంటే 2025లో, 'క్యూంకీ' మళ్లీ మొదలైంది, మళ్లీ ఆ తులసే. అమ్మావాళ్లు అప్పుడు మా దగ్గరే ఉన్నారు. అమ్మ చూస్తుంటే నాన్నగారు మంచినీళ్లకి వెళ్తూ ఆగి, "ఈవిడ మంత్రి కదా?" అన్నారు.

"అమేథీలో ఓడిపోయిందిగా."

"అయితే?"

"అందుకే ఇంటికొచ్చింది. కాస్త పక్కకి జరగండి, కనపడట్లేదు."